గెలాక్సియన్: శాసనమా, తాళపత్రమా?

కరీంనగర్‌లో కలెక్టర్ అంటే జిల్లా కలెక్టరే. పాత వీడియో గేమ్ యంత్రాలను వెతికి కొని, బాగుచేసి, ఇంట్లో నిలబెట్టుకునేవాళ్ళను కూడా కలెక్టర్లనే అంటారని ఉద్యోగంలో చేరాక గానీ నాకు తెలియలేదు. అమెరికాలోనో జపాన్‌లోనో ఒకాయన మనిషెత్తు బీరువా లాంటి యంత్రాన్ని గ్యారేజీలోకి తెచ్చుకుంటాడు. నలభై ఏళ్ళ నాటి కెపాసిటర్లు ఒక్కొక్కటే మారుస్తాడు, పక్క చెక్కల మీద పోయిన బొమ్మను తిరిగి వేయిస్తాడు. వాళ్ళ ఓపిక చూస్తే గౌరవం కలుగుతుంది. కానీ వాళ్ళు కాపాడుతున్న ఆటనే మేమూ ఆడాం, అలాంటి బీరువాను ఒక్కసారీ చూడకుండానే. మరి ఆ ఆట చరిత్రలో మా భాగం ఎక్కడుంది అన్నదే ఈ వ్యాసం.

ముందు ఆట సంగతి. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ ‘స్పేస్ ఇన్వేడర్స్’ విడుదల చేసింది. తయారుచేసినాయన తొమొహిరో నిషికాడో. వరసకు పదకొండు చొప్పున ఐదు వరసలు, మొత్తం 55 మంది శత్రువులు పక్కలకు జరుగుతూ, మెట్టుమెట్టుగా కిందికి దిగుతారు. వాళ్ళను చంపేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. దీని వెనక కారణం నాకు చాలా ఇష్టం. ఆ ప్రోగ్రాము ఒక్కో ఫ్రేములో ఒక్క శత్రువునే కదిలించగలదు. 55 మంది ఉంటే ఒక చుట్టు తిరగడానికి 55 ఫ్రేములు పడుతుంది, ముగ్గురే మిగిలితే మూడు చాలు. ఇంటెల్ 8080 ప్రాసెసర్ బలహీనతే ఆటకు ఉత్కంఠ అయింది.

దాన్ని దాటాలని నామ్కో 1979లో తెచ్చిన ఆట ‘గెలాక్సియన్’. డిజైనర్ కజునోరి సవానో. ఇక్కడ శత్రువులు బారులు తీరి ఊరుకోరు. గుంపులోంచి ఒకడు విడిపోయి, గద్ద కోడిపిల్ల మీదికి దిగినట్టు వంపు తిరుగుతూ మన మీదికి వస్తాడు. మనకు తెరమీద ఒకసారికి ఒకటే గుండు, అది తగిలేదాకో తెర దాటేదాకో ఇంకోటి పేల్చలేం. స్పేస్ ఇన్వేడర్స్‌లో నలుపు తెలుపు తెర మీద రంగు కాగితం అంటించి రంగులు చూపించారు. గెలాక్సియన్‌లో శత్రువులు నిజంగానే రంగుల్లో వచ్చారు. వెనక నక్షత్రాలు మినుకుమంటూ కిందికి జారుతుంటాయి. ఈ నక్షత్రాల్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరికి వస్తాను.

ఈ యంత్రాలు అంత అరుదుగా ఎందుకు మిగిలాయంటే, అప్పట్లో వాటిని దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు. ఆట పాతబడి నాణేలు పడడం తగ్గగానే దుకాణందారు లోపలి బోర్డు పీకేసి కొత్త ఆట బోర్డు పెట్టేవాడు, బయట చెక్కకు రంగు పూసేవాడు. ఒకే బీరువాలో నాలుగైదు ఆటలు బతికి పోయేవి. ఇవాళ సేకర్తలు ఆ రంగును జాగ్రత్తగా గీకి, అడుగున పాత బొమ్మ ఉందేమో వెతుకుతారు. పాత గాజు పిక్చర్ ట్యూబులు ఇప్పుడు తయారవడం లేదు కాబట్టి అవీ దొరకాలి. ఆ ట్యూబుల మీద ఏళ్ళ తరబడి ఒకే బొమ్మ వెలిగీ వెలిగీ, ఆపేసినా కనిపించే మచ్చ పడుతుంది. అదొక రకం శిలాక్షరం.

మా దగ్గరికి ఈ ఆట ఇంకో దారిన వచ్చింది. నామ్కో 1984లో గెలాక్సియన్‌ను నింటెండో వాళ్ళ ఫ్యామికామ్‌కు మార్చి విడుదల చేసింది. ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడుకునే డబ్బా అది. దాని కోసం రాసిన గెలాక్సియన్ ఎంతంటే, ప్రోగ్రాముకు 8 కిలోబైట్లు, బొమ్మలకు 8 కిలోబైట్లు, మొత్తం 16. తెలుగులో ఒక్కో అక్షర సంకేతం యూనికోడ్‌లో మూడు బైట్లు తింటుంది, కాబట్టి మీరు చదువుతున్న ఈ వ్యాసమే ఆ ఆటకంటే ఎక్కువ జాగా తీసుకుంటుంది. ఆ చిన్నతనమే దాన్ని మా ఊరి దాకా తెచ్చింది. ఫ్యామికామ్‌కు నకలు డబ్బాలు పుట్టాక, ఒకే చిప్పులో ఎక్కువ ఆటలు కుక్కాలంటే చిన్నవీ, అదనపు హంగులు అక్కర్లేనివీ కావాలి. అందుకే తొలినాటి ఆటలన్నీ ఆ పసుపుపచ్చ క్యాసెట్లలోకి చేరాయి. అట్ట మీద ‘9999999 ఇన్ 1’ అని ఉండేది. లోపల ఉన్నవి కొన్నే, వాటినే వేరే వేరే పేర్లతో, వేరే లెవెళ్ళతో లెక్క పెంచేవాళ్ళు.

మాది కరీంనగర్, అమ్మమ్మగారిది ఆదిలాబాద్. రెండు చోట్లా నేను చూసిన గేమ్ షాపులు ఒక్కలాగే ఉండేవి: ఒక షట్టరు, మూడు నాలుగు టీవీలు, గంట లెక్కన కిరాయి. నాణెం వేసే యంత్రం ఎక్కడా లేదు, నాణేలు కౌంటర్లో కూర్చున్న అన్న చేతిలో పెట్టాలి. క్యాసెట్ మొరాయిస్తే తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళం. దాని లోపల చూస్తే పేరున్న చిప్పు కూడా ఉండదు, బోర్డు మీద నల్లటి లక్క ముద్ద లాంటిది ఒకటి, అంతే. మా పోరగాళ్ళెవరికీ నామ్కో పేరు తెలియదు. ఆ ఆటను ‘ఈగలాట’ అనేవాళ్ళం.

కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర కురిక్యాలలో బొమ్మలమ్మ గుట్ట ఉంది. పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడ రాతి మీద శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడంతో పాటు అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. రాయి ఉన్నచోటే ఉంది, చెక్కిన అక్షరమే మనం చదువుతాం. మన కావ్యాలు చాలామటుకు ఇట్లా బతకలేదు. తాటాకు పురుగు తింటుంది, పొడి అవుతుంది. ఎవరో ఒకరు మళ్ళీ రాయబట్టే నిలిచాయి. బ్రౌన్ దొర ప్రతులు పోగుచేసి, రాయసగాళ్ళను పెట్టి నకళ్ళు రాయించాడు. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుడి ‘కుమారసంభవం’ వెలికితీసి 1909లో అచ్చు వేయించే నాటికి, అది నకలు మీద నకలుగా ఎన్ని చేతులు మారి వచ్చిందో. కవి స్వహస్తంతో రాసిన ప్రతే కావాలని పట్టుబడితే మన సాహిత్య చరిత్రలో చాలా పుటలు ఖాళీ.

వీడియో గేమ్ ఈ రెంటిలో ఏది? బీరువాను చూస్తే శాసనం. లోపలి ప్రోగ్రాము మాత్రం తాటాకు. అప్పటి బోర్డుల్లో ఆట ఈప్రామ్ అనే చిప్పుల్లో ఉండేది. దాని నడినెత్తిన చిన్న గాజు కిటికీ, లోపలికి అతినీలలోహిత కాంతి పడితే రాసింది చెరిగిపోతుంది, అందుకే పైన కాగితం అంటిస్తారు. ఆ కాగితం ఉన్నా దశాబ్దాలు గడిచేకొద్దీ లోపలి విద్యుదావేశం కొంచెం కొంచెంగా కారిపోతుంది. చిప్పు అద్దాల బీరువాలో భద్రంగానే ఉంటుంది, ఆట ఉండదు. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన ‘మేమ్’ అనే ప్రోగ్రాము ఈ నష్టానికి అడ్డుపడింది. చిప్పుల్లోంచి నకలు తీసిన బైట్లను తీసుకుని, పాత యంత్రం ప్రవర్తనను మామూలు కంప్యూటర్‌లో అనుకరించడం దాని పని. అందులో గెలాక్సియన్ కింద దొంగ ప్రతులు డజన్ల కొద్దీ కనిపిస్తాయి, పాఠాంతరాల పట్టిక లాగా.

అయితే నకలుతోనే సరిపోదు. గెలాక్సియన్ చిప్పులన్నీ పొల్లుపోకుండా కాపీ చేసినా ఆ నక్షత్రాలు రావు. అవి ప్రోగ్రాములో లేవు. బోర్డు మీది ఒక చిన్న సర్క్యూటు, అంకెల్ని ఒక పద్ధతిలో కలగలుపుతూ, చుక్క ఎక్కడ వెలగాలో అప్పటికప్పుడు తేలుస్తుంది. శబ్దాలదీ అదే కథ, చాలావరకు ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు కలిసి పాడిన పాట. బతికున్న బోర్డు, దాని పటం ఎవరో ఒకరి దగ్గర ఉండబట్టే అనుకరణ రాసేవాళ్ళు ఆ ఆకాశాన్ని తిరిగి కట్టగలిగారు. కాపీదారుడు పాఠాన్ని నిలబెడితే సేకర్త స్వరాన్ని నిలబెట్టాడు. తమలో తాము ఎంత కొట్లాడుకున్నా వీళ్ళకు ఒకరు లేకుండా ఇంకొకరికి గడవదు.

మా పసుపుపచ్చ క్యాసెట్ ఈ ఇద్దరికీ పెద్దగా పట్టలేదు. సేకర్తకు అది నకిలీ, కాపీదారుడికి అసలు ప్రతి ముందే దొరికింది. దొంగ ప్రతే, కాదనను. దాని మీద నామ్కోకు పైసా ముట్టి ఉండదు. ఇంకో తప్పు కూడా జరిగింది. మన కావ్యాల్లో ఆశ్వాసం చివర గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు చెప్పుకుంటాడు. లేఖకుడు ఎన్ని తప్పులు రాసినా సాధారణంగా ఆ గద్య జోలికి పోడు. ఈ క్యాసెట్లు చేసినవాళ్ళు చాలా ఆటల్లో మొదటి తెర మీది కంపెనీ పేరు, సంవత్సరం చెరిపేశారు. గద్య లేని ప్రతి మా చేతికొచ్చింది. సవానో పేరు మాకు ముప్ఫై ఏళ్ళ దాకా తెలియకపోవడానికి అదొక కారణం.

అయినా ఉత్తర తెలంగాణలో ఒక తరం మొదటిసారి ఒక తెరను తన వేలితో శాసించింది ఈ గద్య లేని ప్రతితోనే. తరవాత 2000లో వచ్చిన నోకియా 3310 అరచేతి తెర మీద, 84 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తులో, ‘స్పేస్ ఇంపాక్ట్’ ఆడినప్పుడు మా బొటనవేళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏ ఆటను ఏ పేరుతో అమ్మారు, ఏ లెవెల్ మార్చారు, ఎవరి పేరు చెరిపారు అన్నది మా పాఠకుల చరిత్ర. అది ఆ నల్ల లక్క ముద్దల్లోనే ఉంది. ఆ ముద్దలేమో తూకానికి పాత ఇనుప సామాను బండెక్కుతున్నాయి.

పోయినేడు నేను పాత క్యాసెట్లు పదకొండు పోగుచేశాను. వాటిని చదవడానికి చిన్న రీడరు చాలు, ఒక్కోదానికి నిమిషాలు పట్టే పని. రెండింటిలో గెలాక్సియన్ ఉంది. రెండింటిలోనూ కంపెనీ పేరు ఉండాల్సిన చోట నలుపే. నకలు తీసి, పక్కన ఒక ఫైల్లో ఆట పేరు, సంవత్సరం, నామ్కో, కజునోరి సవానో అని తెలుగులో రాసి పెట్టాను. మీ అటక మీద ఇలాంటిదేమైనా ఉంటే, పారేసేముందు ఒక్కసారి ఊది చూడండి.