పాతర

నేడు మనము ‘పాతర’ యను మాటను నిందార్థముననే వాడుచున్నాము. ఇచ్చిన మాటను పాతరవేసినారనియు, న్యాయమును పాతరవేసినారనియు పత్రికలలో చదువునప్పుడు, ఆ మాట మన తాతల నోట నుండినప్పటి భావము దీనికి సరిగా ఎదురైనదని మనకు తోచనే తోచదు. వారికి పాతరవేయుట యనగా పోగొట్టుకొనుట కాదు, దాచుకొనుట. భూమిలో గొయ్యి త్రవ్వి, అందు జొన్నలనో రాగులనో నింపి, నోరు మూసి మట్టి కప్పి, ఆ పైని ఎప్పటివలె పశువులను కట్టుకొనుచు, కళ్ళాపి చల్లుకొనుచు కాలము గడపి, రెండేండ్లకో మూడేండ్లకో వానలు మొగము చాటువేసిన యేట ఆ నోరు తెఱచి బిడ్డలకు సంకటి పెట్టుకొనిన కుటుంబములు రాయలసీమలోను, మెట్టపంటల తెలుగు పల్లెలలోను ఒకప్పుడు లెక్కకు మిక్కిలిగ నుండెడివి.

ధాన్యమును దాచు విధము నేలనుబట్టియు పంటనుబట్టియు మాఱును. కృష్ణా గోదావరుల దిగువ సీమలలో కొలది లోతునకే చెమ్మ తగులును గనుక అచ్చట పాతర పనికిరాదు. అచ్చటి రైతు గడ్డిత్రాటిని చుట్టలు చుట్టలుగా పేర్చి కట్టిన పురిలోనో, నేలకు ఎడముగా నిలిపిన గాదెలోనో వడ్లు పోసికొనెడివాడు. తెలంగాణమున వెదురుతో నల్లి పేడమట్టితో మెత్తిన గుమ్మి యింటి కొక మూల కూర్చుండెడిది. గరిసె యను మాట కొట్టునకే గాక కొలతకును పేరై, కంపెనీవారి లెక్కలలోనికి సయితము ‘గార్సు’ అను రూపముతో ప్రవేశించెను. ఇవన్నియు కంటి కగపడు నిలువలు. పాతర మాత్రము కంటి కగపడని నిలువ. అందువలననే అది కరవునకే గాక దొంగకును, దండునకును మందు. 1816 మార్చిలో పిండారీల గుఱ్ఱపు మూకలు గుంటూరు సీమపై విఱుచుకొనిపడి ఇండ్లు దోచినట్టి రోజులలో, అటక మీది మూటకంటె అడుగున నున్న గింజ ఎంత భద్రమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

పాతరకు చోటు నేర్పఱచుట యెఱిగినవాని పని. వాననీరు నిలువని మెఱకయై, త్రవ్విన అంచు విఱిగిపడని గట్టి నేల కావలెను. నోరు ఒక మనిషి దిగుటకు మాత్రము చాలునట్లు ఇఱుకుగా నుంచి, లోపలికి పోయిన కొలది కడవ పొట్టవలె వెడల్పు చేయుదురు. త్రవ్విన గోతిని కొన్నాళ్ళు ఆరనిచ్చి, లోన చెత్తయు పిడకలును వేసి మంటపెట్టి గోడల చెమ్మను లాగివేయుదురు. అడుగున దట్టముగ గడ్డి పఱచి, ధాన్యము పోయుచున్నకొలది ప్రక్కలకును గడ్డి పేర్చుకొనుచు పైకి వచ్చి, నిండిన పిదప మరల గడ్డి, దానిపై బండ, బండపై మన్ను, మంటిపై పేడ అలుకు. గింజ మాత్రము పంటి క్రింద టక్కున విఱుగునంతగ ఎండియుండవలెను. పచ్చిగింజ పిడికెడున్నను పాతరంతయు ముక్కిపోవును.

ఇట్లు మూసిన గోతిలో జరుగు క్రియను నేటి శాస్త్రజ్ఞులు తేటగ వివరించుచున్నారు. గింజయు, గింజతోడ లోనికి పోయిన పురుగును శ్వాసించి శ్వాసించి అందలి ప్రాణవాయువును హరించివేయగా, బొగ్గుపులుసు గాలి నిండి పురుగు చచ్చును, గింజ నిలుచును. కాని పురుగును చంపిన గాలి మనిషిని విడిచిపెట్టునా? పాతర తెఱచిన తోడనే లోనికి దుమికి ప్రాణములు కోలుపోయినవారి కథలు మెట్టపల్లెలకు క్రొత్తవి కావు. అందుచేత బండ తొలగించి, లోని ఆవిరి పోవువఱకు కాచియుండి, పిమ్మట దీపమును త్రాటితో దించి, అది కొండెక్కక వెలుగుచున్నదని నిశ్చయించుకొనిన తరువాతనే, నడుమునకు మోకు కట్టించుకొని ఒకడు దిగెడివాడు; ఆ మోకు కొసను పట్టుకొనినవారు పైని మాటలాడుచునే యుండెడివారు, క్రిందివాడు బదులు పలుకుచున్నంతసేపు క్షేమమని. పాతరగింజకు రంగు మాఱును, ఒక విధమగు వాసన పట్టును. అది మొలవదు గనుక విత్తనమునకు పనికిరాదు. విత్తనపు గింజను వేఱుగ బూడిద కలిపియో, వేపాకు వేసియో, సొరబుఱ్ఱలలో పోసి చూరునకు వ్రేలగట్టెడివారు. ఆకలి యెంత దహించినను ఆ బుఱ్ఱల జోలికి పోగూడదను కట్టడి యుండెడిది. వచ్చు ఏటి ఆహారమును ఈ యేటి ఆకలికి బలియిచ్చిన యిల్లు మరల లేవదని వారికి తెలియును.

పురుగు పట్టని గింజ రాగి. ఆరికెయు పైపొట్టు గట్టిదగుటచే చిరకాలము నిలుచును. తినుటకు వరి యెంత రుచియైనను, కరవు నెఱిగిన సీమలవారు ఈ చిఱుధాన్యములను విడువకుండుట పేదఱికము వలన మాత్రమే యని తలచుట పొరపాటు.

పాతర పురుషుల పనియైనచో, వంటయింటి నిలువ స్త్రీల పని; దానిని గూర్చి వ్రాసినవారు తక్కువ గనుక ఇచ్చట ఒక మాట చెప్పక విడువలేను. వేసవి యెండలో వంకాయ, గోరుచిక్కుడు, కాకర ముక్కలు వరుగులగుట, గుమ్మడి వడియములగుట, ఎఱ్ఱమట్టి పట్టించి ఎండబెట్టిన కందులు బానల కెక్కుట, గింజ తీసిన చింతపండు ఉప్పుతో కలిసి కుండలలో అణగుట — ఇవన్నియు జిహ్వచాపల్యము కొఱకు పుట్టినవి కావు. కూరగాయ దొరకని నాలుగు నెలలను దాటించుటకు పుట్టినవి. పాతది తినక క్రొత్తది ముట్టగూడదను మన యిల్లాండ్ర నియమమునే కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్షునకు విధించెను: వచ్చిన ధాన్యములో సగము జనపదముల ఆపత్కాలమునకై యుంచవలెను, సగమే వాడవలెను, క్రొత్తది వచ్చినప్పుడెల్ల పాతదానిని మార్చవలెను. అర్థశాస్త్రము ఎఱుగని అవ్వలు ఆ శాస్త్రమును తప్పక నడపిరి.

రాజులును ఊరకుండలేదు. పెన్న లోయ యంచున గండికోటలో మాధవస్వామి గుడికిని మసీదునకును దాపుననున్న ధాన్యాగారమును, గోలకొండపై అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున 1642లో కట్టిన అంబర్‌ఖానాను నేటికిని చూడవచ్చును. కాని అవి ముట్టడిలో దండు తినుటకు కట్టినవి. పల్లె తన కడుపు తాను చూచుకొనవలసినదే.

ఇచ్చట నిజము దాచరాదు. పాతర గలవాడు భూమి గలవాడు. ఏనాటి కూలిగింజ ఆనాటికే చెల్లిపోవు పాలేరునకు పాతర లేదు. వానికి కరవు అందఱికంటె ముందు వచ్చును. వాడు ఆసామి పాతరనుండి నాగునకు గింజలు తెచ్చుకొని, పంటనాడు వడ్డీతో కొలువవలసినవాడు. అయినను ఆ గింజ ఊరిలోనే యున్నందున అడుగుటకు ఒక మొగమును, పెట్టకపోయినచో నిందించుటకు ఒక వాకిలియు నుండెను. ఆసామియు ఆ నిందకు వెఱచెడివాడు.

ఆ గింజ ఊరు దాటుటతో కథ మాఱెను. 1832–33 నందన సంవత్సరపు కరవులో గుంటూరు మండలపు 5 లక్షల జనములో లక్షన్నర మొదలు 2 లక్షల వఱకు నశించిరని అంచనా. అప్పటికి రైలు లేదు, ఆనకట్టలు లేవు. తేవలెనన్న త్రోవయే లేకపోయెను. కాని 1876లో ధాత కరవు వచ్చునప్పటికి చెన్నపట్టణమునుండి కడప, గుత్తి మీదుగా రాయచూరునకు రైలు నడచుచుండి అయిదేండ్లు దాటెను. రైలు పరదేశపు బియ్యమును తెచ్చినమాట నిజమే. అదే రైలు ఏ యూరి గింజనైనను ఎక్కువ ధర పలుకు అంగడికి లాగుకొనిపోగలదు. అంతకుముందు, అమెరికా అంతర్యుద్ధ కాలమున ప్రత్తి ధర ఆకాశమంటినప్పుడు, నల్లరేగడి రైతు జొన్నచేలను ప్రత్తికి వదలుట నేర్చెను. చేత రూపాయియుండిన పాతరయేల యని తోచుట సహజము. కరవునాడు ఆ రూపాయికి గింజలు నానాటికి తక్కువై వచ్చునని అనుభవించువఱకు తెలియలేదు.

ధాత కరవు వచ్చిన ఆ యేట చెన్నపట్టణ ప్రభుత్వము ముందుచూపుతో 30,000 టన్నుల ధాన్యము కొని నిలువచేయగా, వర్తకమునకు అడ్డుతగిలినదని వైస్రాయి లిట్టను ప్రభుత్వము దానిని తప్పుపట్టెను. దేశమంత పెద్ద పాతరను త్రవ్వనెంచిన చేతిని సిద్ధాంతము పట్టి వెనుకకు లాగినది. ఆ పిమ్మట లిట్టను పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు కరవు పనులలో రాళ్ళుకొట్టు మగవానికి దినమునకు ఒక పౌను గింజయు ఒక అణాయును చాలుననెను. ఆరోగ్యశాఖాధికారి కార్నిషు పౌనున్నరకు తక్కువ యీయరాదని, కాయగూరలు, పప్పును చేర్చవలెనని వాదించెను. 1877లో కూలి కొంత పెంచిరి. దక్షిణాపథమున అర్ధకోటికి మించి చనిపోయిరని అంచనా. ఆ లెక్క చదివినప్పుడెల్ల, కాగితముపై పౌనులు తూచిన చేతులకంటె మోకు పట్టుకొని పాతర నోట నిలిచిన చేతులే నాకు మనుష్యుని యెఱిగిన చేతులుగా కనబడును.

ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ వచ్చి జొన్నను మరికొంత వెనుకకు నెట్టెను. వేరుసెనగ పాతర కెక్కు పంట కాదు, కళ్ళమునుండి నేరుగా మిల్లునకు పోవు పంట. పాత గోతులు కొన్ని పూడిపోయెను, కొన్ని పెంటకుప్పల క్రింద మఱుగుపడెను. ఆఱువదేండ్ల చక్రము రెండుమార్లు తిరిగి 1952లో నందన మరల వచ్చినప్పుడు, ఒకప్పుడు గింజను భూమిలో దాచుకొనిన రాయలసీమలో గంజి కేంద్రములు తెఱవవలసివచ్చెను.