సున్నపురాయి గీత

మా అన్న కూతురు బీయస్సీ రెండో సంవత్సరంలో ఉంది. మొన్న సంక్రాంతికి బేతంచెర్ల వెళ్ళినప్పుడు, కెమిస్ట్రీ పుస్తకం నా ఒళ్ళో పడేసి, “అత్తా, నేను ఇది మానేసి బీయేలో చేరతా. నువ్వు చేరలేదా? నీకేమైంది?” అంది.

నాకేమీ కాలేదు, నిజమే. కాని సాహిత్యం మీద ప్రేమతో బీయే చదివానని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను గాని, అసలు కారణం కెమిస్ట్రీ అంటే హడలు! ఆ సంగతి అమ్మకొక్కదానికే తెలుసు. ఆవిడ అనపకాయలు వొలుస్తూ నావంక ఓ చూపు చూసి ఊరుకుంది.

పుస్తకంలో ఫేజ్ డయాగ్రమ్ అని ఓ బొమ్మ. అడుగున వేడిమి, పక్కన పీడనం. మధ్యలో మూడు గీతలు ఒకచోట కలుసుకున్నాయి. ఒక పక్క మంచు, ఒక పక్క నీరు, ఇంకో పక్క ఆవిరి. నీటికైతే ఆ మూడూ కలిసి ఉండగలిగే చోటు 0.01 డిగ్రీల దగ్గర ఒక్కటే ఉందట. గీత దాటితే రూపం మారుతుంది. కుక్కరు మూత బిగిస్తే నీరు 100 డిగ్రీలకు మరగక 120 దాకా వెళ్ళేది ఈ గీత వెంబడే కదా అనిపించి, నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మా ఊళ్ళో మాత్రం కుక్కరు కంటే పాత సాక్ష్యం ఉంది, సున్నపు బట్టీ. బేతంచెర్ల అంటే నాపరాళ్ళు, నాపరాళ్ళంటే సున్నపురాయే. మా చిన్నప్పుడు ఉగాదికి ముందు పెరట్లో గుంట తవ్వి, బట్టీలో కాల్చిన రాయి వేసి నీళ్ళు పోస్తే, నిప్పు లేకుండానే కుతకుత ఉడికేది. “దగ్గరికి పోవద్దే, కళ్ళు పోతాయి!” అని అమ్మ అరిచేది.

ఆ మంట బట్టీలోని నిప్పే సున్నంలోకి దూరడం వల్ల వచ్చిందని ఒకప్పుడు పండితులు కూడా నమ్మేవారు. 1756లో స్కాట్లండు వైద్యుడు జోసఫ్ బ్లాక్ తక్కెడ పట్టుకుని ఆ నమ్మకాన్ని కొట్టేశాడు. రాయిలోకి ఏదీ రాలేదు, రాయిలో బిగిసి ఉన్న గాలి బయటికి పోయిందన్నాడు. 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే మిగిలేది 56 గ్రాములే. తక్కిన 44 మనం ఊపిరితో వదిలే బొగ్గుపులుసు వాయువు. మంచు కరిగేటప్పుడు ఎంత వేడి తాగినా వేడిమి పెరగదని గుర్తించినవాడు కూడా ఈ బ్లాకే.

సరే, ఆ గాలిని పోనివ్వకపోతే? జేమ్స్ హాల్ అనే ఆయనకు ఈ పట్టుదల. ఆయన గురుతుల్యుడు హట్టన్‌కు భూగర్భాన్ని కుంపట్లో చూడబోవడం ఇష్టంలేదట. అందుకని ఆయన పోయేదాకా హాల్ ఆగాడు. (ఇలాంటి శిష్యులు ఇప్పుడెక్కడ?) తరవాత తుపాకీ గొట్టాల్లో సున్నపురాయి పొడి కూరి, మూసి, ఎర్రగా కాల్చాడు. ఎన్నో గొట్టాలు పగిలాయి. 500కు పైగా ప్రయోగాలు చేసి, 1805లో ఫలితాలు బయటపెట్టాడు. గాలి పోయే దారి లేకపోతే రాయి సున్నం కాదు, గట్టిపడి చలువరాయి లాగా అవుతుంది!

1867లో ఫ్రాన్సులో దెబ్రే ఇంకా లోతుకు వెళ్ళాడు. ఒక్కో వేడికి రాయి మీద ఆ గాలి పీడనం ఒక్కటే ఉంటుందన్నాడు. దానికి కారణం అమెరికాలో గిబ్స్ 1876–78 మధ్య అచ్చువేసిన సూత్రంలో ఉంది. పాపం, గిబ్స్‌కు ఏళ్ళ తరబడి జీతమే ఇవ్వలేదు ఆయన కాలేజీ. రాయి, సున్నం, గాలి మూడూ కలిసి ఉండాలంటే మన చేతిలో ఉండేది ఒక్కటే. వేడి మనం నిర్ణయిస్తే పీడనం దానంతటదే తేలిపోతుంది. అందుకే బొమ్మలో అది ఒక్క గీత. దాదాపు 900 డిగ్రీల దగ్గర ఆ పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనంతో సమానమవుతుంది.

“అయితే బట్టీకి అడుగున కంతలెందుకు?” అంది పిల్ల, ఉన్నట్టుండి.

నేను తెల్లమొహం వేశాను. అదే చెప్పింది. గాలి ఆడుతూ ఉంటే వచ్చిన వాయువును ఎప్పటికప్పుడు తోసుకుపోతుంది, పీడనం పెరగదు, రాయి ఇంకా తక్కువ వేడికే విడిపోతుందని. బట్టీ కట్టినవాళ్ళకు గిబ్స్ ఎవరో తెలియదు, కంత ఎక్కడ పెట్టాలో తెలుసు.

మా ఊరి దగ్గర బిళ్ళసర్గం గుహలున్నాయి. 1844లో న్యూబోల్డ్ వాటి గురించి రాశాడు, 1883–85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు తీశారు. అక్కడ నిప్పు లేదు, తొందర లేదు. అదే వాయువు కలిసిన వాననీరు రాతిని కరిగించుకుపోయి, చుక్క చుక్కగా కారేచోట వాయువును వదిలేసి మళ్ళీ రాయిగా పేరుస్తుంది.

పిల్ల లేచి, అమ్మ తాంబూలపు పెట్టెలోంచి వేలికి సున్నం అద్దుకుని, నాపరాతి గచ్చు మీద ఆ గీత గీసింది. పైన ఒక పేరు, కింద రెండు. కాలేజీ మానే సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు.

అమ్మ అనపకాయల చేట పక్కకు నెట్టి అంది. “తడి గుడ్డతో తుడువమ్మే. ఆరిందంటే మళ్ళీ రాయై కూర్చుంటాది, గీకలేక నా పానం పోతాది.”