చెంచా ఒకటే, సత్తువ వేరు: బేకింగు పౌడరు కథ

వంటల పుస్తకములో “ఒక చెంచా బేకింగు పౌడరు వేయవలెను” అని ఉండును. వ్రాసినవారి వంటింటిలో ఉన్నది ఒక కంపెనీ డబ్బా. చదివినవారి అలమరలో ఉన్నది మరియొక కంపెనీ డబ్బా. రెండును తెల్లని పొడులే, రెంటి పేరును ఒకటే. అయినను ఒకదానికి బదులు రెండవదానిని అదే కొలతకు వేసినచో, రొట్టె ఒకప్పుడు పొంగక గట్టిపడును; ఒకప్పుడు మితిమీరి పొంగి నడుమ క్రుంగిపోవును; మరియొకప్పుడు సబ్బు రుచి కొట్టును. ఇది వంటవాని అజాగ్రత్త కాదు. ఆ పొడులలోని ఆమ్లములు వేరు. ఈ సంగతిని తేల్చి, చెంచా లోని సత్తువను అంకెలలో చెప్పగలుగుటకు రసాయన శాస్త్రమునకు చాల కాలము పట్టినది. ఈ నడుమ వ్యాపారుల కలహములు, ఒక చట్టము, లంచముల వ్యవహారము కూడ నడచినవి.

పిండి ఎందుకు పొంగును?

ఇడ్లీపిండి రుబ్బి రాత్రి ఉంచినచో తెల్లవారుసరికి పొంగియుండుట తెలుగు ఇండ్లలో అందరును ఎరిగినదే. పిండిలో పెరిగిన సూక్ష్మజీవులు బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డై ఆక్సైడును, విడుదల చేయును. ఆ వాయువు చిన్న చిన్న బుడగలై పిండిని లేవదీయును. పాశ్చాత్య దేశములలో గోధుమరొట్టెను పొంగించు ఈస్టు చేయు పనియు ఇదియే. కాని సూక్ష్మజీవులకు వ్యవధి కావలెను. చలి ఎక్కువైనచో అవి మందగించును.

అదే వాయువును నిమిషములలో పుట్టించు మార్గము మరియొకటి కలదు. పుల్లని మజ్జిగలో చిటికెడు వంటసోడా వేసినచో బుసబుస పొంగును. మజ్జిగలోని ఆమ్లము సోడాతో కలిసి బొగ్గుపులుసు వాయువును వెలువరించును. బేకింగు పౌడరు చరిత్ర యంతయు ఈ చర్య చుట్టునే తిరిగినది.

బూడిద నుండి సోడా వరకు

మొదట ఉపయోగించిన క్షారము సోడా కాదు, కట్టెల బూడిద. అమెరికాలో అడవులు నరికి, కట్టెలు కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి వడగట్టి మరిగించి, పొటాషును తీసెడివారు. దానిని మరల కాల్చి శుద్ధిచేసినచో వచ్చు తెల్లని పొడికి పెర్ల్ యాష్ అని పేరు. అమెరికా ప్రభుత్వము 1790లో ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు ఈ పదార్థముల తయారీకే. దానిని పొందినవాడు శామ్యూల్ హాప్కిన్సు. 1796లో అమీలియా సిమ్మన్సు ప్రకటించిన “అమెరికన్ కుకరీ” అను వంటల గ్రంథములో పెర్ల్ యాష్‌తో పొంగించు పిండివంటలు కలవు.

క్షారము దొరకినది, ఆమ్లము కొరకు పులిసిన పాలనో, బెల్లపు పాకము వంటి మొలాసెస్‌నో కలిపెడివారు. చిక్కు ఇక్కడనే వచ్చినది. నేటి పాల పులుపు రేపటి పాలకుండదు. ఆమ్లము తక్కువైనచో క్షారము మిగిలి రొట్టె చేదగును, పసుపు వన్నె తిరుగును. క్షారము తక్కువైనచో రొట్టె పొంగదు.

ఫ్రాన్సులో నికొలాస్ లెబ్లాంక్ 1791లో పేటెంటు పొందిన పద్ధతి వలన ఉప్పు నుండి సోడాను విస్తారముగా చేయుట సాధ్యమైనది. అమెరికాలో 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చి అనువారు వంటసోడాను తయారుచేసి అమ్మసాగిరి. ఇట్లు క్షారమునకు ఒక నిలకడ ఏర్పడినది. ఆమ్లమునకు మాత్రము ఇంకను నిలకడ లేదు.

మూడు ఆమ్లములు

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరమున ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను ఔషధ వ్యాపారి ఉండెను. ఆయన భార్యకు ఈస్టు పడదు. ఆమె కొరకు ఆయన 1843లో ఈస్టు లేకయే రొట్టెను పొంగించు పొడిని సిద్ధపరచెను. క్షారము, ఆమ్లము రెండును పొడిగానే ఉండి, నీరు తగిలినప్పుడు మాత్రమే చర్య జరుపవలెననుట ఇందలి కీలకము.

ఇట్టి పొడులలో మొదట ప్రసిద్ధికెక్కిన ఆమ్లము క్రీమ్ ఆఫ్ టార్టార్. ద్రాక్షసారాయి పీపాల లోపలి గోడలకు గారవలె పట్టు పదార్థమును శుద్ధిచేసి దీనిని తీయుదురు. అమెరికాకు ఇది ఐరోపా నుండి దిగుమతి కావలసివచ్చెను. కనుక దాని వెల హెచ్చు.

రెండవ ఆమ్లమును కనిపెట్టినవాడు ఎబెన్ హార్స్‌ఫర్డ్. ఈయన జర్మనీలో సుప్రసిద్ధ రసాయనజ్ఞుడు లీబిగ్ వద్ద చదివి, 1847లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఎముకలను గంధకామ్లముతో పరిష్కరించి కాల్షియం ఆమ్ల ఫాస్ఫేటును పొడి రూపమున పొందు పద్ధతికి 1856లో పేటెంటు తీసికొనెను. ద్రాక్షతోటలతో పనిలేకుండ, స్వదేశములోనే దొరకు సరకుతో చవుకగా ఆమ్లము లభించినది. డబ్బాలో తేమ చేరి చర్య ముందే జరుగకుండుటకు మొక్కజొన్న గంజిపొడిని కలుపు పద్ధతియు ఈయన సంస్థలో రూపొందెను. ఈ కృషికి స్మారకముగా అమెరికన్ కెమికల్ సొసైటీ 2006లో దీనిని చారిత్రక రసాయన ఘట్టముగా గుర్తించినది.

మూడవది పటిక జాతికి చెందిన సోడియం అల్యూమినియం సల్ఫేటు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఇది వాడుకలోనికి వచ్చినది. మూడింటిలో మిక్కిలి చవుక ఇదియే.

ఇప్పుడు అంకెలు చూడవలెను. క్రీమ్ ఆఫ్ టార్టార్ అణుభారము 188. వంటసోడా అణుభారము 84. ఒక అణువు ఒక అణువును తటస్థపరచును. కాబట్టి 100 పాళ్ల క్రీమ్ ఆఫ్ టార్టార్ సుమారు 45 పాళ్ల సోడాకు సరిపోవును. 100 పాళ్ల కాల్షియం ఆమ్ల ఫాస్ఫేటు సుమారు 80 పాళ్ల సోడాకును, 100 పాళ్ల సోడియం అల్యూమినియం సల్ఫేటు సుమారు 100 పాళ్ల సోడాకును సరిపోవును. ఒకదాని స్థానమున మరియొక దానిని సమానముగా వేయరాదనుటకు ఈ మూడంకెలే సాక్ష్యము. సోడా మిగిలినచో, పొయ్యి వేడికి అది సోడియం కార్బొనేటుగా మారును. సబ్బు రుచికి కారణమదియే.

పరిమాణమొక్కటే కాదు, వేగము కూడ వేరు. క్రీమ్ ఆఫ్ టార్టార్ తడి తగిలిన వెంటనే చర్యకు దిగును; పిండిని ఆలస్యము చేయక పొయ్యిలో పెట్టవలెను. సోడియం అల్యూమినియం సల్ఫేటు వేడి తగిలినగాని పూర్తిగా పనిచేయదు. ఫాస్ఫేటును దీనిని కలిపి చేసిన పొడి కలుపునప్పుడు కొంత, కాలునప్పుడు కొంత వాయువు నిచ్చును. దీనినే రెండు విడతల పొడి అందురు.

వ్యాపారుల కలహము

క్రీమ్ ఆఫ్ టార్టార్ పొడి అమ్మువారిలో అగ్రగామి రాయల్ బేకింగ్ పౌడర్ కంపెనీ. చవుకైన పటిక పొడులు వచ్చుటతో పోటీ ముదిరినది. పటిక విషమను ప్రచారము పత్రికలలో సాగినది. 1899లో మిస్సోరి రాష్ట్ర శాసనసభ పటిక కలిసిన బేకింగు పౌడరును నిషేధించుచు చట్టము చేసినది. ఆ చట్టము వెనుక నున్నది ప్రజారోగ్యము కాదని 1903లో బయటపడినది. శాసనసభ్యులకు లంచములు ముట్టిన సంగతి విచారణలో తేలి, రాష్ట్ర లెఫ్టినెంటు గవర్నరు జాన్ లీ రాజీనామా చేయవలసివచ్చెను.

రెండవ పక్షమువారును తక్కువ తినలేదు. కాల్యుమెట్ కంపెనీ తమ పొడిలో ఎండబెట్టిన గ్రుడ్డు తెల్లసొనను స్వల్పముగా చేర్చినది. ఆ పొడిని గాజు గ్లాసులోని నీటిలో వేసినచో నురుగు పైకి లేచి నిలుచును. తెల్లసొన లేని పొడి నురుగు వెంటనే అణగిపోవును. చూచువారు మొదటిదే బలమైనదని భ్రమపడెడివారు. నురుగు ఎత్తు వేరు, వెలువడిన వాయువు పరిమాణము వేరు. కంటికి కనబడిన దానిని కొలతగా భావించుట ఎంత పొరపాటో చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

పటిక విషయమును తేల్చుటకు ప్రభుత్వము నియమించిన శాస్త్రజ్ఞుల సంఘమునకు ఐరా రెమ్సెన్ అధ్యక్షుడు. మితముగా వాడినంత వరకు పటిక పొడులు ఇతర పొడులకంటె హానికరములని చెప్పుటకు ఆధారము లేదని ఆ సంఘము 1914లో నివేదించినది.

ఈ వివాదము నుండి వెలువడిన మేలు ఒకటి కలదు. పొడిని పేరునుబట్టి గాక, అది ఇచ్చు వాయువునుబట్టి నిర్ణయింపవలెనని స్థిరపడినది. 100 గ్రాముల బేకింగు పౌడరు కనీసము 12 గ్రాముల బొగ్గుపులుసు వాయువును ఇయ్యవలెనని అమెరికా ప్రమాణము. ఈ లెక్కన 5 గ్రాముల చెంచా పొడి 0.6 గ్రాముల వాయువును, అనగా 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 300 ఘన సెంటీమీటర్ల వాయువును ఇచ్చును.

పిండితో సహా డబ్బాలో

1930లో మిషిగన్ రాష్ట్రమున చెల్సీ గ్రామములోని పిండిమర యజమాని కుటుంబమునకు చెందిన మేబెల్ వైట్ హోమ్సు “జిఫీ” అను సిద్ధపు పిండిని ప్రవేశపెట్టెను. ఆ యేడే జనరల్ మిల్స్ సంస్థ ఉద్యోగి కార్ల్ స్మిత్, రైలులో వేళగాని వేళ భోజనమునకు వెళ్లగా, వంటవాడు క్షణములలో వేడివేడి రొట్టెలు చేసి పెట్టెను. పిండి, కొవ్వు, ఉప్పు, బేకింగు పౌడరు ముందే కలిపి మంచుపెట్టెలో ఉంచుటయే ఆ వేగమునకు రహస్యము. దాని ఫలితముగా 1931లో “బిస్క్విక్” బజారుకు వచ్చినది.

ఇట్టి మిశ్రమములలో బదులు వేయుట మరింత కష్టము. బేకింగు పౌడరు విషయమున తేడా ఒక్క ఆమ్లములోనే; ఇక్కడ కొవ్వు పాలు, ఉప్పు పాలు, చక్కెర పాలు, పిండి నీరు పీల్చు శక్తి అన్నియు కంపెనీకొక తీరుగా ఉండును. ఒక కప్పునకు ఒక కప్పు అని మార్చినచో తూకము కూడ తప్పవచ్చును. కనుక డబ్బాపై ముద్రించిన పదార్థములను ముందు చదివి, కప్పుతో గాక తూకముతో కొలిచి, నీరు ఒకేసారి పోయక కొద్దికొద్దిగా పోయుట క్షేమము.

బేకింగు పౌడరే దొరకనప్పుడు అణుభారముల లెక్కయే దారి చూపును. పావు చెంచా వంటసోడాకు అర చెంచా క్రీమ్ ఆఫ్ టార్టార్ కలిపినచో సుమారు ఒక చెంచా బేకింగు పౌడరుకు సరిపోవును. అదే పావు చెంచా సోడాకు క్రీమ్ ఆఫ్ టార్టార్ బదులు అర కప్పు పుల్లమజ్జిగ వేయవచ్చును. అప్పుడు ఇతర ద్రవములను ఆ మేరకు తగ్గింపవలెను.

పాఠశాలలో దీనిని పరీక్షించుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. రెండు కంపెనీల పొడులను ఒక్కొక్క గ్రాము చొప్పున తూచి, వేర్వేరు కుప్పెలలో 50 ఘన సెంటీమీటర్ల నీటితో కలిపి, వెలువడు వాయువును గొట్టము ద్వారా నీటితో నిండి బోర్లించిన కొలజాడీలోనికి పంపవలెను. మొదట చల్లని నీటిలోను, పిదప నెమ్మదిగా వేడిచేసియు కొలతలు వ్రాసికొనవలెను. వేడికి కుప్పెలోని గాలియు వ్యాకోచించును గనుక, పొడి లేకుండ నీటితో మాత్రమే మరియొకసారి చేసి ఆ కొలతను తీసివేయవలెను. కొంత వాయువు నీటిలో కరగును గనుక అంకె కొంచెము తగ్గవచ్చును. రెండు పొడులను ఒకే తీరున పరీక్షించినచో పోలికకు భంగము రాదు. ఏ పొడి ఎక్కువ వాయువు నిచ్చునో, ఏది చల్లని నీటిలోనే పనిచేయునో, ఏది వేడికి వేచియుండునో విద్యార్థులు స్వయముగా చూడగలరు. మిస్సోరి శాసనసభ చట్టముతో తేల్చలేకపోయిన ప్రశ్నకు జవాబు చెప్పు దారి ఈ కొలజాడీయే.