హామండ్‌విల్: ప్రసంగ పీఠం నుంచి ఇంటి గడప దాకా

సిడ్నీకి నైరుతి దిక్కున, లివర్‌పూల్ పక్కనే హామండ్‌విల్ ఉంది. ఆ పేరు ఏ గవర్నరుదో, సేనానిదో కాదు. తాగుడు మీద జీవితకాలం పోరాడిన ఆంగ్లికన్ గురువు ఆర్.బి.ఎస్. హామండ్‌ది.

1870లో మెల్‌బోర్న్ శివారు బ్రైటన్‌లో పుట్టిన హామండ్ కుర్రతనంలో ఎసెండన్ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. 1894లో గురువుగా అభిషేకం పొంది, 1899లో సిడ్నీ చేరారు. పేదల పేటల్లో వీధి ప్రసంగాలు చేశారు. పోలీసు కోర్టులకు వెళ్లి, తాగి పట్టుబడ్డవాళ్లతో మాట్లాడి, ఇక ముట్టమని సంతకాలు చేయించుకునేవారు. 1907 నుంచి ‘గ్రిట్’ అనే మద్యనిషేధ పత్రిక నడిపారు.

1916లో న్యూ సౌత్ వేల్స్ ఓటర్లు బార్లను సాయంత్రం 6 గంటలకే మూయించారు. పని దిగిన మగవాళ్లు ఆ కాస్త వ్యవధిలోనే గ్లాసు మీద గ్లాసు పట్టించడం మొదలెట్టారు! 1928లో పూర్తి నిషేధం మీద ఓటింగు జరిగితే 70 శాతానికి పైగా వద్దన్నారు. దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమాన్ని, ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన నిషేధం 1997లో సడలిపోవడాన్ని చూసిన తెలుగువారికి ఈ కథ కొత్తేమీ కాదు.

చట్టం దగ్గర ఓడినా హామండ్ మనుషుల్ని వదల్లేదు. 1918 నుంచి ఆయన బ్రాడ్‌వేలోని సెయింట్ బార్నబాస్ చర్చి గురువు. ఆర్థిక మాంద్యంలో అక్కడ మగవాళ్లకు కూటం పెట్టి, వాక్యం విన్నాక టీ, తినడానికి కేకు ఇచ్చేవారు. 1930 ఆగస్టు 6న అలా వచ్చి మారుమనస్సు పొందినవాడే తాగుబోతు ఆర్థర్ స్టేస్. తర్వాత మూడు దశాబ్దాలకు పైగా సిడ్నీ కాలిబాటల మీద ‘ఇటర్నిటీ’ (నిత్యత్వం) అని సుద్దతో రాసింది ఆయనే. 2000 సంవత్సరాన్ని స్వాగతిస్తూ హార్బర్ బ్రిడ్జి మీద వెలిగించిందీ ఆ రాతనే.

టీ, కేకుతో ఆ పూట ఆకలి తీరుతుంది. అద్దె కట్టలేక రోడ్డున పడ్డ కుటుంబం మాటేమిటి? 1932లో హామండ్ పయనీర్ హోమ్స్ పథకం మొదలెట్టారు. పని లేక, ఇల్లు ఖాళీ చేయాల్సివచ్చి, కనీసం ముగ్గురు పిల్లలున్న దంపతులకే అవకాశం. వారంవారం చిన్న వాయిదాలు కట్టుకుంటూ పోతే ఇల్లు వాళ్ల సొంతం. 1937 నాటికి ఇళ్లు 110 అయ్యాయి. అలా వెలసిందే హామండ్‌విల్.

1946లో హామండ్ కన్నుమూశారు. ఈ ఇళ్ల కోసం ఆయన పెట్టిన సంస్థ దారి తర్వాత వృద్ధుల వైపు మళ్లింది. ఇప్పుడు హామండ్‌కేర్ పేరుతో మతిమరుపు వ్యాధిగ్రస్తుల సంరక్షణకు ప్రసిద్ధి. 1995లో హామండ్‌విల్‌లోనే తెరిచిన ‘ది మీడోస్’లో ఆసుపత్రి వార్డులు ఉండవు. కొద్దిమంది కలిసి ఉండే చిన్న చిన్న కాటేజీలు, ఇంట్లోలాగే కంటికెదురుగా వంటగది ఉంటాయి.