పెట్టెతో వచ్చిన తెలుగు

ఉస్మానియాలో తెలుగులో పీహెచ్‌డీ అంటే ఒకప్పుడు రాసినంత శ్రమ డీటీపీ దగ్గర పడాల్సి వచ్చేది. తార్నాకలోనో విద్యానగర్‌లోనో ఆపరేటర్ పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దించుకోవాలి. పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లో శ్రీలిపో, వేళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు. కంప్యూటర్ కొంటే తెలుగు వచ్చేది కాదు, విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. ఆ లోటు తీర్చడానికే మన దగ్గర ఒక చిన్న పరిశ్రమ లేచింది.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. విండోస్‌లోకి తెలుగు రావడానికి మాత్రం మరో పదేళ్లు పట్టింది. 2001లో ఎక్స్‌పీ గౌతమి ఫాంటునూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డునూ వెంట తెచ్చింది. సీడీ పెట్టి కంట్రోల్ ప్యానెల్లో ఆన్ చేసుకోవాల్సి వచ్చేది. 2007లో విస్టాతో ఆ అవస్థా తీరింది. ఇంట్లో ఉత్తరం, వ్యాసం రాసుకునేవారికి ఇక కొనుగోలుతో పనిలేదు.

ఇలా జోడించి ఇవ్వడంపై వివాదాలూ ఉన్నాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌కు జోడించి పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్‌ను దెబ్బతీస్తోందని 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌పై కేసు వేసింది. గౌతమిని ఆ గాటన కట్టడం నాకు న్యాయంగా తోచదు. మాతృభాషలో రాసుకునే వసతికి వేరే బిల్లు ఉండకూడదు.

డీటీపీ సెంటర్లు మాత్రం కదల్లేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అర్థం కాదు. పైగా పుస్తకానికి శీర్షికలు, ఉపశీర్షికలు, అట్ట ఉంటాయి. వాటన్నిటికీ గౌతమి ఒక్కటే చాలదు. అను దగ్గర రకరకాల అచ్చులున్నాయి. ఉచితంగా వచ్చినదాని ముందు నాణ్యత నిలబడింది. అయితే అను అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు కనిపిస్తుంది. ఈలోగా దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు, వీవెన్ టైపింగ్ సాధనం లేఖిని, స్వేచ్ఛ సంస్థ కార్యకర్తల కృషి యూనికోడ్ తెలుగును నిలబెట్టాయి. వీళ్లకు మనం ఎంత రుణపడి ఉన్నామో చాలామంది గుర్తించరు, అది బాధాకరం.

ఫోన్ల కాలంలో కథ మారింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ కీబోర్డు జీబోర్డు ముందే ఉంటోంది. ఐఐటీ బాంబే కీబోర్డు స్వరచక్ర లాంటివి విడిగా వెతికి వేసుకోవాలి. వెతికేవారెందరు? 2022 అక్టోబర్లో కాంపిటీషన్ కమిషన్, ఇలా యాప్‌లను ముందే వేయడం కూడా అంశమైన ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి, ముందే వేసిన యాప్‌లను తొలగించుకోనివ్వాలన్న ఆదేశాన్ని కొట్టేసింది. మనకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఆ ఆదేశమే.

పరిశోధకులకు ఇంకో పని మిగిలే ఉంది. అనులో కూర్చిన పాత సిద్ధాంత గ్రంథాన్ని పీడీఎఫ్‌గా శోధగంగ వెబ్‌సైటులో పెట్టినా, అందులో ఒక్క తెలుగు మాట వెతికితే దొరకదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే బాధ్యత విశ్వవిద్యాలయం తీసుకోవాలి, ఆ డీటీపీ ఆపరేటర్లనే పిలిచి, కూలి ఇచ్చి.