వెంట్రుకలు లేని వేరు

ఒకే సాలు, ఒకే వాన. అటూ ఇటూ పల్లి చెట్లు ముదురు పచ్చగా ఏపుగా ఉంటే, నడుమ ఒకటి పాలిపోయి ఈసురోమంటోంది. 1970ల చివర, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలం. మన జఫర్‌గఢ్ చెల్కల్లోనైతే గుప్పెడు యూరియా చల్లి సరిపెట్టేవాళ్లమేమో. అక్కడ చెట్టును పెకిలించి చూశారు. వేరు నున్నగా ఉంది. ఒక్క బొడిపె లేదు.

పల్లికి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే సూక్ష్మజీవులు కాపురముండేది ఆ బొడిపెల్లోనే. వింతేమంటే, ఈ చెట్టును కన్న రెండు రకాలకూ బొడిపెలున్నాయి, సంకరం మొదటి తరానికీ ఉన్నాయి. రెండో తరంలోనే లోపం బయటపడింది. ఎస్.ఎన్. నిగమ్, పి.టి.సి. నంబియార్‌ల బృందం చెట్లు లెక్కబెట్టింది: సుమారు పదహారింటికి ఒకటి. అంటే ఈ పనికి రెండు జన్యువులున్నాయి, ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది, రెండూ చెడితేనే వేరు బోడిది. 1980లో ఆ సంగతి అచ్చయింది.

మరి సూక్ష్మజీవి ఎక్కడ ఆగిపోయింది?

జఫర్‌గఢ్ కోటనే తీసుకోండి. లోపలికి పోవాలంటే దర్వాజా ఉండాలి, లేదా గోడలో సందు దొరకాలి. పెసరది దర్వాజా పద్ధతి. వేరు ఫ్లేవనాయిడ్లనే రసాయనాలు వదిలి పిలుస్తుంది, మట్టిలోని రైజోబియం అనే ఆ సూక్ష్మజీవి నాడ్ ఫ్యాక్టర్ అనే గుర్తు పంపుతుంది. గుర్తు కుదిరితే వేరు వెంట్రుక కొస వంకీ తిరిగి సూక్ష్మజీవిని చుట్టేస్తుంది, లోపలికి సన్నని గొట్టం పరుస్తుంది. గుర్తు కుదరలేదా, తలుపు తెరుచుకోదు.

పల్లిది సందు పద్ధతి. పిల్లవేరు తల్లివేరు తోలు చీల్చుకుని వచ్చే చోట చిన్న పగులు ఏర్పడుతుంది. సూక్ష్మజీవులు దాంట్లో దూరి, కణాల నడుమ నుంచి పాకుతాయి. గొట్టం లేదు, వంకీ లేదు. అలాంటప్పుడు వెంట్రుకలతో పనేముంది? నేనూ అలాగే అనుకున్నాను.

1983లో నంబియార్ బృందం జవాబు చెప్పింది. మామూలు పల్లిలో ఆ పగులు దగ్గర వెంట్రుకలు కుచ్చులా మొలుస్తాయి. పాలిపోయిన చెట్లలో ఆ కుచ్చే లేదు. వెంట్రుక మొదట్లో ఉబ్బిన కణమే సూక్ష్మజీవికి తొలి మజిలీ. ఆ కణం లేనప్పుడు పగులు ఉండీ లాభం లేదు.

ఆ చెట్లను పారేయలేదు. బొడిపెలున్న పల్లి పక్కనే వాటినీ విత్తి, రెండింటిలోని నత్రజనిని కొలిచారు. తేడా ఎంతో, అంతా గాలి ఇచ్చింది.