బోనవిల్ ఉప్పు మైదానం: నేలమీది వేగ రికార్డుల చరిత్ర

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, నెవాడా సరిహద్దున ఉన్న వెండోవర్ పట్టణం పక్కనే బోనవిల్ ఉప్పు మైదానం ఉంది. మంచుయుగం నాటి మహా సరస్సు ఎండిపోగా మిగిలిన నేల ఇది. చలికాలంలో దీనిమీద పల్చగా నీళ్లు నిలుస్తాయి. ఎండలు ముదిరేసరికి ఆ నీరు ఆవిరై, కొత్త ఉప్పు పొర గట్టిగా, చదునుగా పేరుకుంటుంది. పొర కింద తేమ ఉండటంతో టైర్లు తొందరగా వేడెక్కవు.

కారు రేసర్ మాల్కమ్ క్యాంప్‌బెల్ మొదట్లో ఫ్లోరిడాలోని డేటోనా సముద్రతీరంలో రికార్డులు సాధించేవాడు. ఆ తీరం సరిపోక బోనవిల్‌కు వచ్చి, 1935 సెప్టెంబరు 3న బ్లూబర్డ్ కారులో గంటకు 484 కిలోమీటర్లు అందుకున్నాడు. జనగామ మీదుగా సాగే సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గంలో నేటి గరిష్ఠ వేగం 130 కిలోమీటర్లే.

ఇంత వేగంలో అసలు ప్రత్యర్థి గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, దాన్ని నెగ్గడానికి ఎనిమిదింతల శక్తి కావాలి. కాబట్టి ఇంజిన్‌తో సమానంగా రూపానికీ ప్రాధాన్యం పెరిగింది. రీడ్ రెయిల్టన్ రూపొందించిన కారు ఇందుకు గొప్ప ఉదాహరణ. డ్రైవర్ జాన్ కాబ్ ముందు చక్రాలకన్నా ముందు, కారు ముక్కులో కూర్చునేవాడు. రేడియేటర్ పెడితే గాలి లోపలికి రావాలి కనుక దాన్ని తీసేసి, రెండు నేపియర్ విమాన ఇంజిన్లనూ ఐసు నింపిన ట్యాంకుతో చల్లబరిచారు. పైకప్పు మొత్తం ఒకే ముక్క. దాన్ని ఎత్తి పక్కన పెడితేగానీ ఇంజిన్లు కనిపించవు. 1947లో ఈ కారు సాధించిన 634 కిలోమీటర్ల రికార్డు 1960ల దాకా చెక్కుచెదరలేదు.

గంటలోపు ఎదురెదురు దిశల్లో రెండుసార్లు పరుగు తీయాలి, రెండింటి సగటే రికార్డు. గాలివాటం కలిసొచ్చిందన్న అనుమానానికి అప్పుడు తావుండదు. 1960లో మిక్కీ థాంప్సన్ ఒక దిశలో 654 కిలోమీటర్లు దాటాడు. తిరుగు పరుగులో యంత్రం విరిగి రికార్డు చేజారింది.

1965లో సమ్మర్స్ సోదరులు నాలుగు క్రైస్లర్ ఇంజిన్లను వరుసగా అమర్చి, ఈటెలా సన్నగా ఉండే గోల్డెన్‌రాడ్‌తో 658 కిలోమీటర్లు సాధించారు. చక్రాలకే శక్తినిచ్చే కార్లలో ఇంత అందమైనది మరొకటి రాలేదు. ఆ కాలంలోనే క్రెయిగ్ బ్రీడ్‌లవ్ తదితరులు జెట్ ఇంజిన్లతో దూసుకుపోయారు. 1970లో రాకెట్ కారు బ్లూ ఫ్లేమ్ వెయ్యి కిలోమీటర్లు దాటింది. 1997లో ధ్వనివేగాన్ని మించిన థ్రస్ట్ ఎస్‌ఎస్‌సి మాత్రం పరుగెత్తింది ఉప్పుమీద కాదు, నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి బంకమట్టిమీద.

చక్రాలకే శక్తినిచ్చే కార్లకు నేటికీ బోనవిల్లే కేంద్రం. మిక్కీ 1968లో కట్టించిన ఛాలెంజర్ 2ను బాగుచేయించి, ఆయన కొడుకు డానీ 2018లో 722 కిలోమీటర్లు సాధించాడు. అయితే ఉప్పు పల్చబడుతోంది. మన పొలాల్లో చల్లే పొటాష్ ఎరువు కోసం ఇక్కడి ఉప్పునీటిని కాలువల్లోకి మళ్లించడమే కారణమని పోటీదారుల ఆవేదన. 1997 నుంచి ఉప్పునీటిని తిరిగి మైదానంలోకి వదిలే ప్రయత్నాలు జరిగాయి. అయినా నేల తడి ఆరక 2014, 2015, 2022లలో స్పీడ్ వీక్ పోటీలు రద్దయ్యాయి.